ఆదివారం తెరలు

ఆదివారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ఊపిరి బిగబట్టి నిలబడడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. నోట్లో నాలుగు గుండుసూదులు, కాళ్లకు వట్టి మేజోళ్లు, చంకలో ఒక బొమ్మ చెయ్యి. నా ముందు ముదురాకుపచ్చ తెర, తెర వెనక అద్దం. వీధికి అటు పక్కన మిస్ ఆడెలా హెల్మర్ తన నల్ల కారులో కూర్చుని, మా స్టోరు కిటికీలన్నిటికీ తెరలు వేసి ఉన్నాయో లేదో చూస్తూ ఉంటుంది.

మొత్తం పదకొండు కిటికీలు. చర్చి వదలగానే ఆవిడకు అదే పని. ఆ పావుగంటలో నేను కదిలితే తెర కదులుతుంది, తెర కదిలితే నా కొంప మునుగుతుంది. ముక్కు దురద కూడా సరిగ్గా అప్పుడే పుడుతుంది, దాని మొహం మండ.

నా పేరు ఓపల్ గ్రిగ్స్. హెల్మర్ అండ్ సన్స్ వాళ్లకు ఒహాయోలో ఏడు ఊళ్లలో ఏడు స్టోర్లున్నాయి. వాటన్నిటి కిటికీల అలంకరణా నాదే. ఏ బొమ్మకు ఏ కోటు తొడగాలి, ఏ టోపీ ఎంత వంచాలి, దారిన పోయే మనిషిని ఎక్కడ ఆపాలి, అదంతా నా విద్య. ఇంకోటి చేతకాదు నాకు. వంట కూడా అంతంత మాత్రమే.

స్టోరు పెట్టింది మిస్ ఆడెలా తండ్రి ఆగస్ట్ హెల్మర్. గుర్రబ్బండిలో సూదులూ రిబ్బన్లూ వేసుకుని పొలాల వెంట తిరిగి అమ్మిన మనిషి. 1899లో మెయిన్ స్ట్రీట్ మూలన ఒక్క గదిలో కొట్టు తెరిచాడు. ఆ ఏడే కూతురు పుట్టింది. తర్వాత ఇద్దరు కొడుకులు, తర్వాత లిఫ్టు, తర్వాత ఐదో అంతస్తులో టీ గది, ఆపైన ఒక్కో ఊరికీ ఒక్కో స్టోరు. ఎన్ని వచ్చినా పెద్దాయన పెట్టిన కట్టడి ఒకటి మారలేదు. శనివారం సాయంత్రం తలుపులు మూయగానే కిటికీలకు తెరలు పడాలి, సోమవారం పొద్దున గానీ లేవకూడదు. ప్రభువు దినాన మనిషికి వస్తువుల మీద ఆశ పుట్టించడం పాపమన్నాడాయన. పాస్టరుగారు ఆ మాటను ప్రసంగాల్లో చెప్పుకునేవాడు. ఆకుపచ్చ తెరలంటే ఊరికి అంత గర్వం.

1938లో, పంతొమ్మిదేళ్లప్పుడు నేను చేరాను. రెండో వారం పెద్దాయన నన్ను పిలిచి, ఆదివారం భోజనాలయ్యాక వెనక తలుపు దగ్గరికి రమ్మన్నాడు. భయం భయంగా వెళ్లాను. ఒకటో నంబరు కిటికీలో, తెర వెనక, కోటు విప్పి, టోపీల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుని, నోట్లో మేకులతో కనబడ్డాడు. పక్కన కాగితంలో సగం తిన్న లివర్ సాసేజ్ శాండ్‌విచ్.

"అలా గుడ్లప్పగించి చూస్తావేం? ఆ దీపం పట్టుకో" అన్నాడు. "శనివారం సాయంత్రం దాకా పాత కిటికీ అమ్ముతూ ఉండాలి. సోమవారం పొద్దునకల్లా కొత్తది కనబడాలి. మధ్యలో ఏ రోజు మిగిలిందో నువ్వే చెప్పు."

"మరి దేవుడు?" అన్నాను. చిన్నదాన్ని కదా, నోరు ఆగలేదు.

"దేవుడికి తెర అడ్డమా? ఆయనతో నేను మాట్లాడుకుంటాను. ఊరికి తెర చాలు. మా ఆడెలాకు మాత్రం ఎప్పుడూ తెలియనివ్వకు. మాటివ్వు."

మాటిచ్చాను. ఆ తర్వాత పదమూడేళ్లు ప్రతి ఆదివారం ఆయన ఇంట్లో 'అలా నడిచొస్తా' అని చెప్పి బయల్దేరేవాడు. కిటికీ ముగించాక చెవి మీది పెన్సిలు తీసి, తేదీ, ఆ వారం పెట్టిన సరుకు పేరు వెనక చెక్క గోడ మీద రాసేవాడు. 1951లో పోయాడు. కిటికీలు నాకొచ్చాయి. తెరల కాపలా మిస్ ఆడెలా తలకెత్తుకుంది. తను కాపలా కాస్తున్నది నన్నేనని ఆవిడకు తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అక్టోబరులో ఒక బుధవారం పొద్దున లోవెల్ నా కిటికీలోకి దూరాడు. పెద్దాయన మనవడు, ఇప్పుడు స్టోర్లు నడిపేది అతనే. నలభై నాలుగేళ్లొచ్చినా బూట్లతోనే ఎక్కేశాడు.

"బూట్లు!" అని కసిరాను.

"క్షమించండి, క్షమించండి." విప్పి చేత్తో పట్టుకున్నాడు. "ఓపల్, ఊరి బయట కడుతున్న రివర్‌గేట్ మాల్ వాళ్ల ఉత్తరం వచ్చింది. ఆదివారం పన్నెండు నుంచి ఐదు దాకా తెరవని స్టోరుకు అందులో చోటివ్వరట."

"ఇవ్వకపోతే మానె. మనకేం, మెయిన్ స్ట్రీట్ లేదా?"

"ఉంది. మీరూ నేనూ పావురాలూ ఉన్నాం అందులో. జనం ఏరీ? మనం మాల్‌కు వెళ్లకపోతే అమ్మేద్దామంటున్నారు మా బాబాయి పిల్లలిద్దరూ. న్యూయార్క్ కంపెనీ కాచుకుని ఉంది. వాళ్లు కొంటే నాలుగు స్టోర్లు మూసేస్తారు. మిగతా మూడింటికి కిటికీ ఎలా పెట్టాలో బొమ్మ గీసి పోస్టులో పంపిస్తారు. మీరు చూసి మేకులు కొట్టాలి. అది కూడా ఉంచితే."

"బెదిరిస్తున్నావా నన్ను?"

"నేనే బెదిరిపోయి ఉన్నాను. సోమవారం ఓటు. మాల్‌కు మా అన్నా నేనూ, అమ్మకానికి వాళ్లిద్దరూ. ఐదో ఓటు ఆడెలా అత్తది. 'ఆదివారం తలుపు తీయడం కన్నా అమ్ముకోవడం మేలు' అంటోంది ఆవిడ." గొంతు తగ్గించాడు. "తాత సంగతి ఆవిడకు చెప్పండి. నేను చెబితే ఎత్తు వేశాననుకుంటుంది. మీరు చెబితే నమ్ముతుంది."

తొమ్మిదేళ్లప్పుడు తాతకు తెలియకుండా వెంటపడి వచ్చి కిటికీలో ఆయన్ని చూసినవాడు లోవెల్. అప్పుడు ఆ నోరు మూయించడానికి పెద్దాయనకు ఒక బొమ్మ రైలు ఖర్చయింది.

"మాటిచ్చాను" అన్నాను.

"తాత పోయి ఇరవై ఏళ్లయింది."

"మాట పోలేదుగా. ముందు నువ్వు దిగు ఇక్కణ్ణుంచి."

దిగి వెళ్లాడు. నేను ఎవరితో ఏం చెప్పినా, నన్ను పీడిస్తున్నది మాట ఒక్కటే కాదు. విల్బర్ టీట్.

విల్బర్ మా ఊరి స్టేషన్లో టెలిగ్రాఫ్ చూసేవాడు. నేను చూడలేదు గానీ, మంచి ఆజానుబాహుడని, ఈల వేస్తే వీధి ఆగేదని అంటారు. మిస్ ఆడెలాకు ఇరవై మూడేళ్లప్పుడు, 1922లో, పెళ్లి అనుకున్నారు. రైళ్లకు ఆదివారాలు ఉండవు కదా, విల్బర్‌కూ ఉండేవి కావు. పెద్దాయన అడ్డం తిరిగాడు. ప్రభువు దినాన కూలి తీసుకునేవాడు నా భోజనాల బల్ల దగ్గర కూర్చోడన్నాడు. పారిపోదామన్నాడు విల్బర్. ఆవిడ పోలేదు. తండ్రి మాట నిజమని నమ్మి, తనే ఉంగరం వేలి నుంచి తీసి ఇచ్చేసింది. అతను టొలీడో వెళ్లి, పెళ్లి చేసుకుని, నలుగురు పిల్లల్ని కని, చచ్చిపోయాడు కూడా. ఈవిడ అలాగే ఉండిపోయింది. ఆ తండ్రి ఆదివారం మధ్యాహ్నాలు ఎక్కడ గడిపాడో ఇప్పుడు నేను వెళ్లి చెప్పాలట!

బుధవారం, గురువారం, శుక్రవారం నేను మనిషిలా లేను. ఒకే టోపీని తొమ్మిదిసార్లు తీసి తొమ్మిదిసార్లు పెట్టాను. నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని. టీ గదిలో చికెన్ ప్లేటు ముందు పెట్టుకుని ఫోర్కుతో పొడుస్తుంటే వంటావిడ బెర్నీస్ వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"తింటావా, దాన్ని చంపుతావా? అది ఇందాకే చచ్చిందమ్మా."

నవ్వు రాలేదు. నాలుగు స్టోర్లు మూస్తే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో ఒక పక్క కళ్లకు కనబడుతోంది. ఇంకో పక్క ఒకే ఒక్క ముసలి మనిషి. అటూ ఇటూ కొట్టుమిట్టాడి, శనివారం మధ్యాహ్నం కోటు తగిలించుకుని మిస్ ఆడెలా ఇంటికి నడిచాను.

ఆవిడ వంటింట్లో ఉంది. ఆదివారం పొయ్యి వెలిగించదు కనుక మర్నాటి తిండి శనివారమే వండుకుంటుంది. ఉడికిన బంగాళాదుంపలకు తొక్క తీస్తోంది.

"ఓపలా? కూర్చో. నిన్ను లోవెల్ పంపించాడా?"

"అడిగాడు. వచ్చింది మాత్రం నేనే." కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. తెర వెనక దీపం, టోపీల పెట్టె, శాండ్‌విచ్, నడిచొస్తా అన్న అబద్ధం, ఇరవై ఏళ్లుగా అక్కడ నిలబడుతున్న నేను. చెబుతుంటే నా నాలుక నాకే చేదుగా ఉంది.

ఆవిడ తొక్క తీయడం ఆపలేదు. నేను ముగించాక కత్తి ఆగింది.

"ఎప్పటి నుంచి?" అంది.

ఆ ఒక్క ప్రశ్నలో ఆవిడ బతుకంతా ఉందని నాకు అర్థమైంది. వయసు మీద పడ్డాక మొదలుపెట్టి ఉంటే తండ్రి అలసిపోయిన మనిషి, అంతే. మొదటినుంచీ అయితే విల్బర్‌ను పంపేసింది దేనికోసం?

"ముప్పై ఎనిమిది నుంచి" అన్నాను. "నన్ను పెట్టుకున్నదే అందుకు. అప్పటికే ఆయన మోకాళ్లు పట్టేశాయి. మామూలు రోజుల్లో కిటికీలన్నీ చూసుకోలేకపోయాడు."

"అంతకు ముందు?"

"లేదు."

మళ్లీ దుంప అందుకుంది. భుజాలు కిందికి దిగాయి. ఆ మొహంలో ఒక తేట కనిపించింది, నేనెప్పుడూ చూడనిది.

"ముసలితనం" అంది నెమ్మదిగా. "అరవై ఆరేళ్లు వచ్చాయిగా అప్పటికి. పాపం, ఒక్క మాట నాతో చెప్పి ఉంటే నేనే వెళ్లి దీపం పట్టుకునేదాన్ని." దుంప గిన్నెలో వేసి, "నాన్నే చేశాడంటే లోవెల్‌ను ఏమనగలను?" అంది. "రేపు చర్చి అయ్యాక వస్తాను. ఆయన కూర్చున్న చోటు చూపించు."

"చూపిస్తాను" అన్నాను. గేటు దాటి నాలుగడుగులు వేశాక గోడ మీది పెన్సిలు రాతలు గుర్తొచ్చాయి.

ఆదివారం పొద్దున ఆరింటికి కిటికీలో ఉన్నాను. పెన్సిలు రాతలు పైన ఎడమ మూల నుంచి మొదలై వరసలు వరసలుగా కిందికి దిగుతాయి. తడిగుడ్డతో రుద్దితే పోలేదు, చెక్కలోకి దిగిపోయాయి. నీళ్ల రంగు పూస్తే అందులోంచి కనబడుతున్నాయి. చివరికి చట్రాలకు వేసే ఆకుపచ్చ నూనె రంగు డబ్బా తెచ్చాను. అక్టోబరు చలిలో నూనె రంగు ఒక పూటకు ఆరదని నాకు తెలియక కాదు. ఇంకో దారి లేదు.

పూస్తూ చదివాను, చదవకుండా ఉండలేకపోయాను. 1899 అక్టోబరు 8, గొడుగులు పన్నెండు. 1907 మార్చి 24, ఈస్టర్ టోపీలు. 1918 నవంబరు 17, జెండాలు చాలలేదు. 1922 మే 14, పెళ్లి బట్టలు, తెలుపు. 1929 నవంబరు 3, చవక దుప్పట్లు. ముప్పై తొమ్మిదేళ్ల ఆదివారాలు. ఆయన నాకు పని నేర్పాడు, ఆయన కొనిచ్చిన కుంచెతోనే ఆయన్ని చెరిపేస్తున్నాను. ఏడ్చాను, నిజం చెప్పడానికి సిగ్గేముంది. 1938 సెప్టెంబరు దగ్గర ఆపాను. మూడో అంతస్తు బ్యూటీ గదిలోంచి జుట్టు ఆరబెట్టే యంత్రాలు రెండు తెచ్చి గోడ ముందు పెట్టాను. వేడికి వాసన ఇంకాస్త ఎక్కువైంది తప్ప రంగు ఆరలేదు.

పన్నెండుంబావుకు వెనక తలుపు చప్పుడైంది. నేను చెప్పకుండానే మిస్ ఆడెలా బూట్లు విప్పింది. మేజోళ్ల కాళ్లతో, నల్ల టోపీ, మా స్టోరు తెల్ల గ్లౌజులతో కిటికీలోకి ఎక్కింది. పెట్టె మీద కూర్చోబెట్టాను. చుట్టూ చూసింది. తెర లోపలి వైపు ఆవిడ చూడడం అదే మొదటిసారి.

"ఇంత ఇరుకా!" అంది. ముందుకు వంగి చదివింది. "'1938 సెప్టెంబరు 18. స్వెటర్లు. కొత్త పిల్ల. చేతులు మంచివి.' ఇది నువ్వేనా?"

"నేనే" అన్నాను. అన్నేళ్లు అక్కడ ఉన్నా ఆ వరస నేను చదవలేదు. నా పేరు లేదు కదా, ఎందుకు చూస్తాను?

"నాన్న ఎవర్నీ మెచ్చుకోడు. అదృష్టవంతురాలివి." చిన్నగా నవ్వింది. ఒక్కో వరసా వేలు ఆనించకుండా చదువుకుంటూ చివరిదాకా వెళ్లింది. నేను గుక్క తిప్పుకోలేదు. ఇంకో నిమిషం గడిస్తే చాలు, ఇంకో నిమిషం.

ఆవిడ లేవబోయింది. మోకాలు సహకరించలేదు. నేను చెయ్యి అందించేలోపు ఆసరా కోసం గోడ పట్టుకుంది, పై వరసల దగ్గర.

చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే చిన్న చప్పుడు వచ్చింది. తెల్ల గ్లౌజు నాలుగు వేళ్లూ ఆకుపచ్చ. ఆవిడ గ్లౌజు చూసింది, గోడ చూసింది, తర్వాత నన్ను చూసింది. గోడ మీద ఆ వేళ్లు పడిన చోట రంగు లేచిపోయి, కింద పెన్సిలు గీతలు సన్నగా బయటపడ్డాయి. తేదీ చదివేంత కాదు. అక్కడ ఏదో ఉందని తెలిసేంత.

"మిస్ ఆడెలా..." అన్నాను.

"బయట చలిగా ఉంది. కోటు వేసుకుని వెళ్లు" అంది. బూట్లు తొడుక్కుని, రంగంటిన చెయ్యి పిడికిలి బిగించుకుని వెళ్లిపోయింది.

సోమవారం ఎనిమిదింటికి, స్టోరు తెరవకముందు, టీ గదిలో హెల్మర్ల సమావేశం. బల్ల మీద గుడ్డ పరిచి పూలు పెట్టడం ఎప్పుడూ నా పనే. ముందు రోజంతా నాకు కాలు నిలవలేదు. పోనీ లోవెల్‌తో చెబుదామంటే ఏమని చెప్పాలి? స్టోర్లను నేనే ముంచేశాననా? పూలజాడీ ఒకటి పది రకాలుగా తిప్పుతూ గోడ పక్కనే ఉండిపోయాను. ఎవరూ పొమ్మనలేదు.

లోవెల్ లేచి నిలబడ్డాడు. గడ్డం గీసుకుంటూ తెగ్గోసుకున్నట్టున్నాడు, రక్తం ఆగడానికి అద్దిన కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది. "మాల్‌కు వెళ్దాం, ఆదివారం తెరుద్దాం అనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

అతని చెయ్యి, వాళ్ల అన్న చెయ్యి లేచాయి. బాబాయి పిల్లలు చేతులు కట్టుకున్నారు. అందరూ బల్ల చివరికి చూశారు.

మిస్ ఆడెలా చెయ్యి లేచింది. నిన్నటి గ్లౌజే. వేళ్లకు ఆకుపచ్చ రంగు ఎండి పెళుసైపోయి ఉంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు గానీ ఎవరూ అడగలేదు, ఆవిడను ఎవరు అడగగలరు! లోవెల్ మూడు చేతులూ లెక్కపెట్టేదాకా దించలేదు.

"తెరలు కూడా తీసేయండి. పదకొండూ, ఇవాళే" అంది.

"సరే అత్తా" అన్నాడు లోవెల్. కన్నీళ్లు ఆపుకోవడానికి ముక్కు చీదాడు. స్టోర్లు దక్కాయి. నా కిటికీలు దక్కాయి. నేను గోడకు ఆనుకున్నాను.

అందరూ కాఫీల మీద పడ్డారు. ఆవిడ మాత్రం లేచి చేతికర్రతో నా దగ్గరికి వచ్చింది. పూలు సర్దుతున్నట్టు నటించాను.

"ఓపల్, ఒకటి అడుగుతాను. పూసేముందు నువ్వు చదివే ఉంటావు. నీ సంగతి నాకు తెలుసు."

తల ఊపాను.

"1922, మే 14. నేను విల్బర్‌కు ఉంగరం తిరిగిచ్చిన రోజు. ఆ మధ్యాహ్నం నాన్న నడిచొస్తానని వెళ్లాడు, చీకటి పడ్డాక గానీ రాలేదు. నా కోసం బాధపడి ఒంటరిగా తిరుగుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను." చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించింది. "ఆ రోజు కిటికీలో ఏం పెట్టాడు?"

గొడుగులు అనొచ్చు. టోపీలు అనొచ్చు. ఒక అబద్ధం అప్పటికే ఆవిడ చేతికి అంటుకుని ఉంది, ఇంకోటి పూయడానికి నాకు చేతులు రాలేదు.

"పెళ్లి బట్టలు" అన్నాను.

"తెల్లవా?"

"తెల్లవే."

ఆవిడ తల పంకించింది. గ్లౌజు వేలు వేలుగా ఊడదీసి, నేను సర్దిన పూల పక్కన బల్ల మీద పెట్టి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగుతూ వెళ్లింది. ఐదంతస్తులూ ఆ కర్ర చప్పుడు వినబడింది నాకు.